చిన్న షాపుకి, ఇంటికి యూపీఎస్ ఎంచుకోవడం ఎలా: లెక్క దగ్గర నుంచి బిగింపు దాకా

"అన్నా, మా షాపుకి ఆరొందల వీఏ సరిపోతుందా, వెయ్యి తీసుకోవాలా?" అని వారానికి ఒకరిద్దరైనా అడుగుతుంటారు. యూపీఎస్ అంటే కరెంటు పోగానే బ్యాటరీతో కాసేపు నడిపే డబ్బా, వీఏ అంటే అది ఎంత లోడు మోయగలదో చెప్పే అంకె. కంప్యూటర్ ఒక్కటేనా, ప్రింటర్ కూడా ఉందా, కరెంటు పోయాక ఎంతసేపు నడవాలి అని నేను తిరిగి అడిగితే చాలామంది కాస్త ఆలోచనలో పడతారు. ఆ ఆలోచన కొనకముందే అయిపోవాలి. అందుకే అడుగులన్నీ వరుసగా ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణకి మనకు సందుసందునా కనిపించే షాపునే తీసుకుందాం: ఒక డెస్క్‌టాప్, వైఫై రౌటర్, బిల్లు ప్రింటర్, లేజర్ ప్రింటర్, నాలుగు కెమెరాలు ఉన్న ఆన్‌లైన్ సర్వీసుల షాపు. ఇంటికైతే ఇందులో సగం తీసేసి చదువుకోండి.

## 1. ముందు కాగితం మీద మూడు గళ్ళు గీయండి

మొదటి గడిలో కరెంటు పోయినా ఒక్క క్షణం కూడా ఆగకూడనివి రాయండి. రెండో గడిలో ఆగినా నష్టం లేనివి. మూడో గడిలో యూపీఎస్‌కి అసలు తగిలించకూడనివి.

మన షాపులో ఇలా వస్తుంది:

- ఆగకూడనివి: డెస్క్‌టాప్, మానిటర్, రౌటర్, ఫైబర్ బాక్స్, కెమెరాల రికార్డర్ (డీవీఆర్)
- ఆగినా పర్లేదు: స్కానర్, ఇంక్ ప్రింటర్, స్పీకర్లు
- తగిలించకూడనివి: లేజర్ ప్రింటర్, జిరాక్స్ మెషీన్, లామినేషన్ మెషీన్, ఫ్యాను, ఫ్రిజ్, మిక్సీ

ఇప్పుడు మొదటి గడిలో ఉన్న ప్రతి వస్తువు పక్కనా ఎన్ని నిమిషాలు నడవాలో రాయండి. డెస్క్‌టాప్‌కి పది నిమిషాలు చాలు. నింపుతున్న దరఖాస్తు సబ్మిట్ కొట్టి, ఫైలు సేవ్ చేసి, సిస్టమ్ షట్‌డౌన్ చేసేంత సమయం అది. రౌటర్ సంగతి వేరు, రెండు మూడు గంటలు నడిస్తేనే ఉపయోగం. కరెంటు లేకపోయినా ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పని సాగుతుంది.

ఒకటి ఎక్కువ కరెంటు లాగుతుంది, దానికి కాసేపు చాలు. ఇంకోటి చాలా తక్కువ లాగుతుంది, దానికి గంటలు కావాలి. రెంటినీ ఒకే డబ్బాతో సరిపెట్టాలని చూసినప్పుడే డబ్బు వృథా అవుతుంది. రౌటర్‌కి, ఫైబర్ బాక్సుకి 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ విడిగా దొరుకుతుంది, అరచేతిలో పట్టేంత ఉంటుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద చూడండి: 12 వోల్టులా 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు, పిన్ను ఏ సైజు. ఈ మూడూ కలిస్తే అదే తీసుకోండి. ఫైబర్ బాక్సు విడిగా ఉంటే రెండు అవుట్‌పుట్‌లు ఉన్నది కావాలి. రౌటర్ వెలుగుతూ ఫైబర్ బాక్సు ఆరిపోతే నెట్ రాదు.

ఒక మాట: ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ లాంటి వైద్య పరికరం ఉంటే ఈ లెక్కలు దానికి వాడకండి. ఆ మెషీన్ కంపెనీని అడిగి, వాళ్ళు చెప్పిన బ్యాకప్పే పెట్టండి.

## 2. ఇన్వర్టర్ ఉంటే, కొనకముందు దాని వెనక్కి చూడండి

మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టాక కూడా కరెంటు పోయిన ప్రతిసారీ డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయ్యేది. లైట్లు, ఫ్యాన్లు మాత్రం కన్ను కొట్టినంతసేపట్లో వచ్చేసేవి. కంప్యూటర్ లోపల దానికి కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, పాడైందనుకుని మార్చాను. తర్వాత ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఒకరోజు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికి ట్రాలీ ముందుకి లాగితే, ఇన్వర్టర్ వెనక దుమ్ము కింద గోరంత స్విచ్చు కనపడింది. ఒకవైపు ఎకో, ఇంకోవైపు యూపీఎస్ అని రాసి ఉంది. అది ఎకో వైపు ఉంది. గోరుతో ఇటు జరిపాను. ఆ రోజు నుంచి సిస్టమ్ రీస్టార్ట్ కాలేదు.

ఎకో మోడ్‌లో ఇన్వర్టర్ వోల్టేజీ బాగా పడిపోయేదాకా ఓపిక పడుతుంది, బ్యాటరీ మీదికి మారడం కూడా నిదానమే. యూపీఎస్ మోడ్‌లో సాధారణంగా 180 వోల్టుల దగ్గరే మారిపోతుంది, అదీ త్వరగా. కంప్యూటర్ లోపలి ఎస్‌ఎంపీఎస్ కరెంటు తెగాక సుమారు 16 మిల్లీసెకన్లే నిలబడగలదు. ఆలోపు మారితే సరే, లేకపోతే రీస్టార్టే.

కాబట్టి మీకు ప్యూర్ సైన్‌వేవ్ (లైను కరెంటు లాంటి నునుపైన అల ఇచ్చే) ఇన్వర్టర్ ఉంటే ముందు ఆ స్విచ్చు మార్చి ఒక వారం చూడండి. యూపీఎస్ అవసరమే లేకపోవచ్చు. ఇన్వర్టర్ పాత స్క్వేర్‌వేవ్ రకమైతే మాత్రం దాని వెనక చిన్న యూపీఎస్ పెట్టడం తలనొప్పి. చాలా యూపీఎస్‌లు ఆ కరెంటును కరెంటుగానే ఒప్పుకోవు, బీప్ బీప్ అంటూ తమ బ్యాటరీ అయిపోయేదాకా దానిమీదే నడుస్తాయి.

## 3. లోడ్ లెక్క: డబ్బా మీద రాసింది నమ్మకండి

కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని ఉంటుంది. అది ఇవ్వగలిగిన గరిష్ఠం. మామూలు ఆఫీసు డెస్క్‌టాప్ నిజంగా లాగేది 60 నుంచి 100 వాట్ల మధ్యే. గ్రాఫిక్స్ కార్డు ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది, 300 దాటొచ్చు.

అడాప్టర్ ఉన్న వస్తువులకి లెక్క తేలిక. అడాప్టర్ మీద అవుట్‌పుట్ వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అంటే 18 వాట్లు, అంతకు మించి లాగదు.

మన షాపు లెక్క ఇలా వేసుకుందాం:

- డెస్క్‌టాప్: 80 వాట్లు
- 20 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్: 25 వాట్లు
- డీవీఆర్, నాలుగు కెమెరాలు: 40 వాట్లు
- వేలిముద్ర పరికరం, కీబోర్డు, మౌస్: కంప్యూటర్ నుంచే తీసుకుంటాయి, విడిగా లెక్కించక్కర్లేదు

మొత్తం 145. చుట్టుముట్టి 150 అనుకుందాం. బిల్లు ప్రింటర్ 24 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తుంది. అచ్చు పడే కొద్ది క్షణాలే లాగుతుంది కాబట్టి తగిలించినా ఇబ్బంది ఉండదు, దానికో 60 వాట్ల జాగా వదలండి.

అంచనా మీద నమ్మకం లేకపోతే మీ కరెంటు మీటరునే అడగండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతుంటుంది. పక్కనే ఒక యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, ఉదాహరణకి 3200. షాపులో మిగతావన్నీ ఆపేసి, యూపీఎస్‌కి తగిలించాలనుకున్నవి మాత్రమే నడపండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక నిమిషంలో ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను 60తో, ఆ తర్వాత 1000తో గుణించి 3200తో భాగించండి. నిమిషానికి 8 మిణుకులంటే 150 వాట్లు. మీ మీటరు మీద వేరే సంఖ్య ఉంటే దాంతోనే భాగించాలి.

ఇక వీఏ సంగతి. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. చిన్న యూపీఎస్‌లలో చాలావాటికి వెనక ప్లేటు మీద 600 వీఏ పక్కనే 360 వాట్లు అని ఉంటుంది. మీరు చూడాల్సింది ఆ రెండో అంకె. లెక్క వచ్చిన వాట్లు ఆ అంకెలో 70 శాతం దాటకుండా చూసుకోండి. 360లో 70 శాతం అంటే 252. మన 150, ప్రింటర్ 60 కలిపినా 210. సరిపోయింది.

## 4. నిమిషాల లెక్క

చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. 12ని 7తో గుణిస్తే 84 వాట్-అవర్లు. ఇది కాగితం మీది మాట. అంత చిన్న బ్యాటరీని ఒక్కసారిగా గట్టిగా పిండితే పూర్తి శక్తి ఇవ్వదు, పైగా మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. నేను సగమే లెక్కేసుకుంటాను: 42.

42ని 150 వాట్లతో భాగించి 60తో గుణిస్తే దాదాపు 17 నిమిషాలు. కొత్త బ్యాటరీకి పావుగంట అనుకోండి. రెండో ఏడు నడిచేసరికి అది ఏడెనిమిది నిమిషాలకి వస్తుంది. మనకి కావాల్సింది పది నిమిషాలు కాబట్టి ఒక బ్యాటరీది మొదట్లో బాగుంటుంది, తర్వాత ఇరుకవుతుంది. బడ్జెట్ ఉంటే రెండు బ్యాటరీలుండే 1000 లేదా 1100 వీఏది తీసుకోమంటాను. బ్యాటరీలు నిజంగా రెండున్నాయో లేదో అడిగి తెలుసుకోండి. వీఏ పెరిగినంత మాత్రాన నిమిషాలు పెరగవు. నిమిషాలు బ్యాటరీలో ఉంటాయి, వీఏలో కాదు.

అరగంటకి మించి కావాలంటే ఈ దారి వదిలేయండి. పెద్ద ట్యూబులర్ బ్యాటరీ ఉన్న సైన్‌వేవ్ ఇన్వర్టరో, బయట బ్యాటరీలు పెట్టుకునే లాంగ్ బ్యాకప్ రకమో చవక పడుతుంది. చిన్న యూపీఎస్‌కే కారు బ్యాటరీ తగిలిద్దామని కొందరు సలహా ఇస్తారు. వినకండి. దాని ఛార్జర్ ఆ బ్యాటరీని సరిగా నింపలేదు. లోపలి హీట్‌సింక్ పావుగంట పని కోసం చేసింది, రెండు గంటలు నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది.

## 5. ఏ రకం?

ఆఫ్‌లైన్: కరెంటు ఉన్నంతసేపు ఉన్నదున్నట్టు దాటిస్తుంది. వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండే మన ఊళ్ళకి పనికిరాదు.

లైన్ ఇంటరాక్టివ్: లోపల ఏవీఆర్ ఉంటుంది. వోల్టేజీ కొంచెం తగ్గితే పెంచి, పెరిగితే తగ్గించి ఇస్తుంది, బ్యాటరీ ముట్టుకోదు. నూటికి తొంభై షాపులకి, ఇళ్ళకి ఇదే. కొనేటప్పుడు ఇన్‌పుట్ రేంజ్ అడగండి, 140 నుంచి 300 వోల్టుల దాకా అని ఉంటే మంచిది.

ఆన్‌లైన్: ఎప్పుడూ బ్యాటరీ వైపు నుంచే తయారుచేసిన శుభ్రమైన కరెంటు ఇస్తుంది, మారే విరామమే ఉండదు. సర్వర్, ల్యాబ్ మెషీన్, స్కాన్ సెంటర్ ఉన్నవాళ్ళకి. ఖరీదు బాగా ఎక్కువ, ఫ్యాను రోజంతా హోరుమంటుంది, కరెంటు కూడా తనకోసం కొంత తింటుంది. పడకగదిలో పెట్టుకునే వస్తువు కాదు.

సాయంత్రం పూట వోల్టేజీ 150కి పడిపోయే ఊళ్ళలో లైన్ ఇంటరాక్టివ్ లోపల రిలే (తనంతట తాను మారే స్విచ్చు) టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ ఉంటుంది. అప్పుడప్పుడైతే పర్లేదు. రోజూ గంటల తరబడి అయితే ఆన్‌లైన్‌కి వెళ్ళాలి, లేదా ముందు లైన్‌మన్‌ని పిలిచి ఫేజు లోడు సంగతి చూపించాలి.

ఇంకో మెలిక ఉంది. చవక రకాలు బ్యాటరీ మీద మెట్లు మెట్లుగా ఉండే వేవ్ ఇస్తాయి. మామూలు ఎస్‌ఎంపీఎస్‌లు దాన్ని భరిస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ అని రాసి ఉన్న ఖరీదైన ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్ని భరించవు, యూపీఎస్ ఉన్నా ఆగిపోతాయి. మీది ఆ రకమైతే ప్యూర్ సైన్‌వేవ్ తీసుకోండి.

## 6. లేజర్ ప్రింటర్ గురించి ప్రత్యేకంగా

నేను చూసిన యూపీఎస్ ఫిర్యాదుల్లో ఎక్కువ దీనివల్లే. లేజర్ ప్రింటర్ లోపల కాగితం మీద పొడిని కరిగించి అంటించే ఫ్యూజర్ ఉంటుంది, అది చిన్నసైజు ఇస్త్రీపెట్టె. వేడెక్కే క్షణంలో 800 నుంచి 1000 వాట్లు లాగేస్తుంది. 360 వాట్ల యూపీఎస్ దాన్ని చూడగానే కుయ్యిమని అరిచి పడుకుంటుంది, దాంతోపాటే కంప్యూటరూ ఆరిపోతుంది. కరెంటు ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది, అందుకే మోసపోతాం.

పరిష్కారం చాలా సులువు: దానికి గోడ ప్లగ్గు విడిగా ఇవ్వండి. అచ్చు మధ్యలో కరెంటు పోతే ఒక కాగితం ఇరుక్కుంటుంది, అంతే. కరెంటు లేనప్పుడు కూడా ప్రింట్లు ఇవ్వక తప్పదంటే ఇంక్ ట్యాంక్ ప్రింటర్ పెట్టుకోండి. అది అచ్చువేసేటప్పుడు కూడా చాలా తక్కువ లాగుతుంది.

## 7. కొట్లో నిలబడి చూడాల్సినవి

- వెనక ప్లేటు మీద వాట్లు రాసి ఉన్నాయా? వీఏ మాత్రమే ఉంటే పక్కన పెట్టండి.
- బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16242 అన్న అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా?
- బ్యాటరీ తయారైన నెల ఏది? ఏడాదిగా గోడౌన్‌లో ఛార్జింగ్ లేకుండా పడి ఉన్నదాన్ని కొత్తది అనలేం.
- వారంటీ బ్యాటరీకి ఎంత, యూపీఎస్‌కి ఎంత? రెండూ విడివిడిగా బిల్లు మీద రాయించండి.
- వెనక మన మూడు పిన్నుల సాకెట్లు ఎన్ని? కొన్ని మోడళ్ళలో ఒకట్రెండు సాకెట్లకి స్పైక్ (హఠాత్తుగా ఎగిరే వోల్టేజీ) నుంచి రక్షణే ఉంటుంది, బ్యాటరీ ఉండదు.
- కరెంటు లేనప్పుడు కూడా ఆన్ అవుతుందా?
- యూఎస్‌బీ పోర్టు ఉందా? మీరు లేనప్పుడు కంప్యూటర్ తనంతట తాను షట్‌డౌన్ కావాలంటే అది ఉండాలి.
- సర్వీసు మీ ఊళ్ళోనా, జిల్లా కేంద్రంలోనా?

ఆ తర్వాత అసలు పరీక్ష. కొట్టువాళ్ళది ఏదైనా కంప్యూటర్ తగిలించి గోడ స్విచ్చు కట్టేయమనండి. ఐదు నిమిషాలు అక్కడే నిలబడండి. బల్బు పెట్టి చూపిస్తే ఒప్పుకోవద్దు. బల్బు కన్ను కొట్టినా మనకి తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది.

## 8. బిగించే ముందు గోడ ప్లగ్గు

ఇది దాటేసి బిగించినవాళ్ళే తర్వాత "క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది" అని ఫోన్ చేస్తారు. ఎలక్ట్రీషియన్ని పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి:

1. ఫేజుకి న్యూట్రల్‌కి మధ్య: 230 దగ్గర్లో ఉండాలి.
2. ఫేజుకి ఎర్త్‌కి మధ్య: దాదాపు అంతే ఉండాలి.
3. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య: 3 వోల్టుల లోపు ఉండాలి.

మూడోది 40, 60 అని చూపిస్తే మీకు ఎర్తింగ్ లేదు, లేదా తెగింది. ఎర్తింగ్ లేకుండా యూపీఎస్ స్పైక్ రక్షణ సరిగా పనిచేయదు. ముందు అది బాగు చేయించండి. న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి కలిపేస్తే సరి అనే పనివాడు దొరికితే టీ తాగించి పంపించేయండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున క్యాబినెట్‌లోకి కరెంటు వస్తుంది.

## 9. బిగింపు వరుస

1. నేల మీద పెట్టకండి. తడి గుడ్డతో తుడిచేటప్పుడు, వానాకాలం నీళ్ళు వచ్చినప్పుడు మొదట పోయేది అదే. చిన్న స్టూలు చాలు.
2. చుట్టూ జానెడు గాలి ఉండాలి. మూసిన బీరువాలో వద్దు. వేడి బ్యాటరీకి శత్రువు: 25 డిగ్రీలకి పైన ప్రతి 8–10 డిగ్రీలకీ దాని ఆయుష్షు సగానికి పడుతుంది.
3. లోడేమీ తగిలించకుండా గోడ ప్లగ్గుకి పెట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఛార్జ్ చేయండి. రాత్రి పెట్టి వదిలేస్తే సరిపోతుంది.
4. పొద్దున యూపీఎస్ ఆన్ చేసి, మానిటర్, కంప్యూటర్, డీవీఆర్ ఒక్కొక్కటిగా తగిలించండి.
5. యూఎస్‌బీ ఉంటే కేబుల్ పెట్టి, బ్యాటరీ తగ్గినప్పుడు షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయండి.
6. ఫైళ్ళన్నీ మూసేసి గోడ స్విచ్చు కట్టేయండి. ఎన్ని నిమిషాలు నడిచిందో బ్యాటరీ బీప్ వేగం పెరిగేదాకా చూడండి.
7. ఆ నిమిషాలు, తేదీ ఒక స్టిక్కర్ మీద రాసి యూపీఎస్‌కే అంటించండి.

ఈ చివరిది చాలామందికి చాదస్తంలా కనిపిస్తుంది. రెండేళ్ళ తర్వాత బ్యాటరీ పాడైందా లేదా అన్న వాదన వచ్చినప్పుడు ఆ స్టిక్కరే సాక్ష్యం.

## 10. ఏ గొంతుకి ఏ జబ్బు

కరెంటు ఉన్నా బీప్ అంటోంది: వోల్టేజీ రేంజ్ దాటింది, లేదా యూపీఎస్ వెనక ఫ్యూజు పోయింది, లేదా ముందున్నది స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్. మీటర్‌తో వోల్టేజీ చూసి ఆ వరుసలోనే వెతకండి.

కరెంటు పోగానే అదీ ఆరిపోతోంది: బ్యాటరీ చచ్చింది, లేదా లోడెక్కువ. మానిటర్ ఒక్కటే తగిలించి చూడండి. నిలబడితే లోడు సమస్య, లేకపోతే బ్యాటరీ.

జనరేటర్ మీద నడవట్లేదు: జనరేటర్ వేగం నిలకడగా లేకపోతే ఫ్రీక్వెన్సీ ఊగుతుంది, యూపీఎస్ ఒప్పుకోదు. మెకానిక్‌తో గవర్నర్ (ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే భాగం) సరిచేయించండి.

కాలిన వాసన, ఉబ్బిన డబ్బా: వెంటనే స్విచ్చు కట్టి, ప్లగ్గు తీసి, ఆరుబయట పెట్టండి. మళ్ళీ ఆన్ చేసి చూడొద్దు.

లోపల చీమలు: నవ్వకండి, రిలే పాయింట్ల మధ్య చీమలు, బల్లి గుడ్లు నేనే తీశాను. చుట్టూ తినుబండారాలు పెట్టకండి.

## 11. బ్యాటరీ మార్చడం

నెలకోసారి గోడ స్విచ్చు కట్టి ఐదు నిమిషాలు నడపండి. స్టిక్కర్ మీద రాసిన నిమిషాల్లో సగానికి పడిపోతే మార్చే వేళైంది. మన ఎండలకి రెండు మూడేళ్ళు వస్తే అదే గొప్ప.

మార్చేటప్పుడు:

- యూపీఎస్ ఆపి, గోడ ప్లగ్గు తీసి, తగిలించినవన్నీ విప్పండి. ప్లగ్గు తీసినా వెనక సాకెట్లలో కరెంటు ఉండొచ్చని గుర్తుంచుకోండి, అందుకే ముందు ఆపాలి.
- పాత బ్యాటరీని ఫోటో తీయండి. వోల్టులు, ఆంపియర్ అవర్, టెర్మినల్ వెడల్పు (4.8 లేదా 6.3 మిల్లీమీటర్లు) కలవాలి.
- రెండు బ్యాటరీలుంటే రెండూ ఒకేసారి మార్చండి. పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.
- ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. తిరగేస్తే ఫ్యూజుతో పోదు, బోర్డు పోతుంది.
- ఉంగరం, చేతి గొలుసు తీసి పక్కన పెట్టండి.
- పాతది పాత సామాన్లవాడికి వేయకండి, లోపల సీసం, ఆమ్లం ఉంటాయి. కొత్తది కొన్న చోటే ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. తూకానికి తగ్గింపు ఎంతిస్తారో కొత్తదాని బేరం మొదలుపెట్టకముందే అడగండి.